బల్లకు ఇవతల నిలబడేవాళ్లతో

(శాకాహారాన్నీ, పాలు, తేనె లాంటివి కూడా ముట్టని వీగన్ పద్ధతినీ ప్రచారం చేసే కార్యక్రమాల కోసం కొత్తగా చేరిన వాలంటీర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు "జనం అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పడం ఎలా" అన్న అంశం ఇచ్చారు. ఆ అంశం మీద నాకు పెద్దగా గురి లేదు. జవాబులు చెప్పేవాళ్లకు మనలో ఎప్పుడూ కొదవ లేదు. అందుకని కాస్త పక్కకు జరిగి మాట్లాడతాను, నిర్వాహకులు మన్నించాలి.

1888లో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు చదువుకోవడానికి లండన్ వెళ్లాడు. మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చి ఓడెక్కాడు. బస చేసిన ఇంట్లో ఉప్పూ కారం లేని ఉడికించిన కూరలు పెట్టేవాళ్లు. రొట్టె రెండు మూడు ముక్కలకు మించి అడగడానికి సిగ్గు. రోజూ పది పన్నెండు మైళ్లు నడుస్తూ చవక హోటళ్లలో రొట్టెతో కడుపు నింపుకునేవాడు, తృప్తి మాత్రం ఉండేది కాదు. అలా తిరుగుతూ తిరుగుతూ ఒకరోజు ఫారింగ్‌డన్ వీధిలో శాకాహార భోజనశాల కనబడింది. తలుపు దగ్గర అద్దం కింద అమ్మకానికి కొన్ని పుస్తకాలు పెట్టి ఉన్నాయి. శాకాహారాన్ని సమర్థిస్తూ హెన్రీ సాల్ట్ రాసిన పుస్తకం వాటిలో ఒకటి. ఒక షిల్లింగు ఇచ్చి కొనుక్కుని నేరుగా లోపలికి వెళ్లి కూర్చున్నాడు. ఇంగ్లండులో అడుగుపెట్టాక కడుపారా తిన్న మొదటి భోజనం అదేనని తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. గాంధీ అని మీరు ఈపాటికి పోల్చుకునే ఉంటారు. అప్పటిదాకా తల్లికిచ్చిన మాట కోసం శాకాహారి, ఆ పుస్తకం చదివాక ఇష్టపడి శాకాహారి.

ఈ కథలో నా మనసు మాత్రం ఆ పుస్తకాన్ని తలుపు దగ్గర పెట్టిన మనిషి మీదికే పోతుంది. ఎవరో తెలియదు. యజమాని కావచ్చు, పనివాడు కావచ్చు, సంఘం తరఫున వచ్చి నాలుగు పుస్తకాలు ఇచ్చిపోయిన వాలంటీరు కావచ్చు. గాంధీతో ఆ మనిషి ఒక్క వాదన కూడా చేయలేదు. ఆకలితో వచ్చేవాడి దారిలో ఒక కాగితం పెట్టి ఊరుకున్నాడు, పక్కనే వేడి వేడి అన్నం ఉంది. అన్నం అంటే నా ఉద్దేశం భోజనం అనే లెండి, ఆ రోజు అక్కడ ఏం వడ్డించారో నాకెలా తెలుస్తుంది!

మనం స్టాల్ పెట్టినప్పుడు చేసే పని కూడా సరిగ్గా ఇదే. ఎందుకో గానీ కాసేపటికే మరచిపోతాం.

నేను మరచిపోయిన రోజు ఒకటి చెప్తాను. మొదట్లో నాకు నోటి దురద ఎక్కువ. ఒకాయన బల్ల దగ్గరికి వచ్చి "మొక్కలకు ప్రాణం లేదా?" అన్నాడు. ఇక చూడండి. ఒక పశువును పెంచడానికి ఎంత మేత కావాలి, ఆ మేతకు ఎంత భూమి కావాలి, నొప్పికి నాడీ వ్యవస్థ ఉండాలా వద్దా, ఇరవై నిమిషాలు వాయించాను. ఆయన అడిగిన ప్రతిదానికీ నా దగ్గర జవాబు ఉంది. చివరికి ఆయన దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. నేను ఇచ్చిన కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మా బల్ల కాలి కింద దోపి, "ఇప్పుడు కదలదు" అని వెళ్లిపోయాడు. రుచి చూడమని పెట్టిన కేకు ముక్క ఆయన ముందే ఉంది, ముట్టుకోలేదు. అసలు నేనెక్కడ ముట్టుకోనిచ్చాను?

అదే పూట మా బృందంలో ఒకావిడ వెనకాల చెంచాలు కడుగుతోంది. మాట్లాడమంటే చెమటలు పడతాయని ఆ పని ఏరికోరి తీసుకుంది. ఒక పెద్దావిడ తిన్న చెంచా ఇవ్వడానికి అటు వెళ్తే, తడి చేతులతోనే "మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ?" అని అడిగింది. అంతే. మనవడికి పాలు పడవని, పాలు లేకుండా కేకు మెత్తగా ఎలా వచ్చిందని ఆ పెద్దావిడ కూర్చుని మరీ అడిగి తెలుసుకుంది. వంట విధానం రాసిన కార్డు తీసుకుని, అర్థం కానిచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టించుకుంది. నా ఇరవై నిమిషాలు ఒక బల్లను నిలబెట్టాయి, ఆవిడ మూడు నిమిషాలు ఒక వంటింట్లోకి వెళ్లాయి.

ఇంతకీ గాంధీకి కూడా నలుగురిలో మాట్లాడటం రాదు. లండన్ శాకాహార సంఘం కార్యవర్గంలో చేరాక కూడా నోరు పెగిలేది కాదు. సంతాన నిరోధాన్ని సమర్థిస్తున్నాడని డాక్టర్ అలిన్సన్ అనే సభ్యుణ్ణి తొలగించాలన్న చర్చ వచ్చింది. ఆ విషయంలో గాంధీకీ అలిన్సన్‌కూ పొత్తు కుదరదు. అయినా శాకాహార సంఘం నుంచి మనిషిని పంపడానికి అది కారణం కాకూడదని ఆయన వాదం. ఆ వాదాన్ని కాగితం మీద రాసుకుని వెళ్లాడు. తీరా చదవడానికి ధైర్యం చాలక వేరేవాళ్ల చేత చదివించాల్సి వచ్చింది. అయినా ఆ మనిషే తాను ఉంటున్న బేస్‌వాటర్ పేటలో చిన్న శాకాహార క్లబ్బు పెట్టాడు. అక్కడే ఉండే కవి ఎడ్విన్ ఆర్నాల్డ్‌ను ఉపాధ్యక్షుడిగా, శాకాహార పత్రిక సంపాదకుడు డాక్టర్ ఓల్డ్‌ఫీల్డ్‌ను అధ్యక్షుడిగా పిలిచి, తాను కార్యదర్శిగా ఉన్నాడు. అంటే పేరు వాళ్లది, చాకిరీ తనది. కొన్ని నెలలకు ఆయన ఆ పేట ఖాళీ చేయడంతో క్లబ్బు మూతపడింది. సంస్థలు నడపడంలో తనకు కాస్త తర్ఫీదు దొరికింది అక్కడేనని తర్వాత చెప్పుకున్నాడు.

క్లబ్బు ఎందుకు మూతపడిందో చూశారా? కార్యదర్శి ఇల్లు మారాడు. మన బృందాలు ఇప్పటికీ ఇలాగే పోతుంటాయి. సామాను తాళంచెవి ఒక్కరి దగ్గరే, హాలు బుక్ చేసేదీ వాళ్లే. వాళ్లకు బదిలీ అయినా, పాప పుట్టినా, విసుగొచ్చినా కథ కంచికి. ప్రతి పనికీ ఇద్దరిని పెట్టండి. రెండోవాళ్లు పని నేర్చుకోవడానికే ఉంటారు, పక్కనే నిలబడి చూస్తూ ఉన్నా చాలు.

సరే, మనం ఎవరి కోసం ఇదంతా చేస్తున్నాం? దారిన పోయే కొత్తవాళ్ల కోసం అంటారు. సగమే నిజం. అమెరికాలో ఫానలిటిక్స్ అనే సంస్థ 11 వేలమందికి పైగా అడిగి 2014లో ఒక సర్వే బయటపెట్టింది. శాకాహారమో వీగన్ పద్ధతో మొదలుపెట్టినవాళ్లలో 84 శాతం మంది తర్వాత వదిలేశారట. అలా వదిలేసినవాళ్లలో మూడోవంతు మంది మూడు నెలల లోపే వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఇలాంటి ఏ బృందంలోనూ తాము చురుగ్గా లేమని చెప్పారు. ఒక దేశంలో చేసిన సర్వే, పైగా బృందం లేకపోవడమే కారణమని అది రుజువు చేయలేదు. కానీ నాకు ఎదురైన మనుషులను తలుచుకుంటే ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. పెళ్లి భోజనానికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చినవాళ్లు, ఆఫీసులో రోజూ అదే వేళాకోళం పడేవాళ్లు, ఇంట్లో తన ఒక్కరికీ వేరే గిన్నె పెట్టుకుని వండుకునేవాళ్లు. వీళ్లకు కావలసింది తోడు. కరపత్రం చదివి, ఒప్పుకుని, ఆ దశ ఎప్పుడో దాటేశారు వాళ్లు.

2014లోనే బ్రిటన్‌లో వీగన్యువరీ మొదలైంది, జనవరి నెలంతా వీగన్‌గా ఉండి చూడమని. మంచి ఆలోచన, ఎందుకంటే నెల రోజులంటే ఎవరికైనా అందే దూరం. నేను అడిగేది ఒక్కటే, ఫిబ్రవరి 1న వాళ్లకు ఫోన్ చేసేది ఎవరు? అందుకే ఏడాదికి ఒక్క పెద్ద మేళా కన్నా నెలనెలా ఒకేచోట, ఒకే వారం, ఒకే వేళకు జరిగే చిన్న భోజనమే మేలు అని నా అభిప్రాయం. ఎవరి వంట వాళ్లు తెచ్చి పంచుకుని తినే పాట్‌లక్ చాలు. పన్నెండుమంది వస్తే పన్నెండు వంటకాలు నేర్చుకున్నట్టే. మేళా ఫొటోలు బాగుంటాయి, కాదనను.

భోజనం మాట వచ్చింది కాబట్టి కార్డుల సంగతి చెప్పాలి. ఇది మాత్రం కాస్త నిదానంగా వినండి. ప్రతి గిన్నె ముందు ఒక కార్డు ఉండాలి. అందులో వంటకం పేరు చిన్న అక్షరాల్లో ఉన్నా ఫర్వాలేదు, లోపల పడిన దినుసులు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒకసారి మేం నిమ్మ పానీయం ముందు "వీగన్" అని రాసి పెట్టాం. ఒకమ్మాయి గ్లాసు ఎత్తి, మళ్లీ దించి, "తియ్యదనం దేంతో?" అంది. తెచ్చినాయన చాలా గర్వంగా "చక్కెర వాడలేదు, స్వచ్ఛమైన తేనె!" అన్నాడు. వీగన్లు తేనె ముట్టరని ఆయనకు తెలియదు, తప్పు ఆయనది కాదు. కార్డు రాసింది నేను, అడగకుండా రాశాను. తేనె కాబట్టి నవ్వుకుని మార్చుకున్నాం. అదే చిక్కదనం కోసం రుబ్బి కలిపిన జీడిపప్పు అయి, తాగినవాళ్లకు అది పడకపోతే ఆసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చేది. వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, నువ్వులు, సోయా, గోధుమ, ఇవి ఉంటే తప్పకుండా రాయండి. మన వంటల్లో వీటి వాడకమే ఎక్కువని గుర్తుంచుకోండి. తెచ్చినవాళ్ల చేతే రాయించండి. రాసిన కార్డు వాళ్లకే చదివి వినిపించండి.

వేడి పదార్థాలు 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లనివి 5 డిగ్రీలకు లోపు ఉంచాలి. వండినది బయట గది వేడిలో రెండు గంటలు దాటి ఉండకూడదు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. మొక్కల ఆహారం పాడవదన్న భ్రమ కొందరికి ఉంది. ఉడికిన అన్నం, పప్పు భేషుగ్గా పాడవుతాయి.

ఆరోగ్యం గురించి అడిగితే? తెలిసినంత చెప్పండి. విటమిన్ బి12 విషయం మాత్రం దాచకండి. వీగన్లు బి12 మాత్ర గానీ, బి12 కలిపిన ఆహారం గానీ తీసుకోవాల్సిందే. "మా తాతలు వేసుకున్నారా మాత్రలు" అని దాటేస్తే ఏడాదో రెండేళ్లో పోయాక నీరసపడేది మీ మాట నమ్మినవాళ్లు. గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు, మందులు వాడేవాళ్లు అడిగితే డాక్టరునో డైటీషియన్‌నో కలవమని చెప్పండి. ఫలానా జబ్బు నయమైపోతుందని ఎవరికీ చెప్పకండి. మన స్టాల్ ముందు నేను విన్న మాటల్లో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది అదే.

అంకెల విషయమూ అంతే. పశుపోషణ వల్ల వెలువడే వాయువులు ప్రపంచం మొత్తంలో సగానికి పైనే అన్న లెక్క ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో వేసిన అంచనా ప్రకారం మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో పశుపోషణ వాటా 14.5 శాతం. తర్వాత వేసిన అంచనా ఇంకొంచెం తక్కువే. ఆ చిన్న అంకెనే చెప్పండి. అదేం చిన్నది కాదు, పైగా ఇంటికెళ్లి వెతుక్కున్నవాళ్ల ముందు మన పరువు దక్కుతుంది.

చివరగా మన లోపలి గొడవ ఒకటుంది. శాకాహారుల సంఘం ఇంగ్లండులోని రామ్స్‌గేట్‌లో 1847లో పుట్టింది. పాలు కూడా మానేసినవాళ్లు తమకు ఆ సంఘం పత్రికలో కాస్త చోటు అడిగితే కుదరదన్నారు. 1944 నవంబరులో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు కలిసి విడిగా వీగన్ సొసైటీ పెట్టుకున్నారు. వెజిటేరియన్ అన్న ఇంగ్లీషు మాట మొదటి మూడక్షరాలు, చివరి రెండక్షరాలు కలిపి "వీగన్" అన్న పేరు కట్టుకున్నారు. అక్టోబరు 1 శాకాహార దినం, నవంబరు 1 వీగన్ దినం ఇప్పటికీ వేర్వేరే. ఆ చర్చ న్యాయమైనదే. పాల వెనక ఏం జరుగుతుందో చెప్పాల్సిందే. కానీ వాలంటీరుగా వచ్చినవాళ్ల టిఫిన్ డబ్బా మూత తీసి చూసే అలవాటు కొన్ని బృందాల్లో ఉంది. పెరుగు తినే మనిషి పొద్దున ఆరింటికి వచ్చి బల్లలు మోస్తున్నాడు. మోయనివ్వండి. మన పక్కన ఆరు నెలలు తింటే ఆ డబ్బాలో ఏం మారుతుందో చూద్దాం. మారకపోతే, ఆరు నెలలు బల్లలు మోశాడు కదా!

షిఫ్టు రెండు గంటలకు మించకుండా వేసుకోండి. మనుషులు ఉంటామన్నా పంపించేయండి. సాయంత్రం సర్దేటప్పుడు చుట్టూ వంద అడుగుల మేర కింద పడిన మన కరపత్రాలు మనమే ఏరుకోవాలి, ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకోవాలి కూడా. పంచినవాటి లెక్క పక్కనే ఆ లెక్కా రాసుకుంటే పొగరు దిగుతుంది.

అయిపోయింది. వచ్చే ఆదివారం పనుల కాగితం తలుపు పక్కన అంటించారు. నేను లోపలికి వస్తూ చూశాను. "జనంతో మాట్లాడేవారు" అన్న గడిలో పేర్లు పట్టక అంచుల్లో కూడా రాశారు. "గిన్నెలు కడిగేవారు" అన్న గడిలో ఒక్క పేరే ఉంది, అది నాది. ప్రతి పనికీ ఇద్దరుండాలని ఇందాకే చెప్పాను.