ఒకే థర్మోకోల్, మూడు అంకెలు: ఉష్ణవాహకత యూనిట్లు మార్చడం ఎలా?

[దృశ్యం: బల్ల మీద తెల్లటి థర్మోకోల్ షీటు. దాని ముందు మూడు చీటీలు: 0.24, 0.03, 0.035]

ఈ షీటు ఉష్ణవాహకత ఎంత? అమెరికా డేటా షీట్ చూస్తే 0.24 అని ఉంటుంది. పాత ఇంజనీరింగ్ పుస్తకం తీస్తే 0.03. ఇప్పటి మన డేటా షీట్లో 0.035. మూడూ కరెక్టే. షీటు మారలేదు, అంకె పక్కన ఉన్న యూనిట్ మారింది. ఆ యూనిట్ చదవకుండా అంకె ఒక్కటే ఎత్తుకుని లెక్కలో వేస్తే ఏమవుతుందో చివర్లో చూపిస్తాను.

ముందు మన యూనిట్: వాట్ / మీటర్·కెల్విన్. ఒక మీటర్ మందం, ఒక చదరపు మీటర్ వైశాల్యం ఉన్న దిమ్మె ఊహించుకోండి. రెండు వైపుల ఉష్ణోగ్రతలో ఒక్క కెల్విన్ తేడా. అప్పుడు సెకనుకు ఎన్ని జౌళ్ల వేడి, అంటే ఎన్ని వాట్లు, అటు నుంచి ఇటు దాటతాయి? అదే ఉష్ణవాహకత. రాగికి దాదాపు 400, కిటికీ అద్దానికి 1, కదలని గాలికి 0.026.

మరి యూనిట్‌లో చదరపు మీటర్ ఏమైంది? చాలామందిని తికమక పెట్టేది ఇదే.

[దృశ్యం: బోర్డు మీద రాస్తూ: వాట్ × మీటర్ / (చదరపు మీటర్ × కెల్విన్)]

పైన ఉన్న మీటర్ మందం. కింద ఉన్న చదరపు మీటర్ వైశాల్యం. పైన ఒక మీటర్, కింద ఒక మీటర్ కొట్టేస్తే కింద ఒక్క మీటరే మిగులుతుంది. అమెరికా వాళ్లు మందాన్ని అంగుళాల్లో, వైశాల్యాన్ని చదరపు అడుగుల్లో కొలుస్తారు. అంగుళం, అడుగు ఒకటి కాదు కాబట్టి కొట్టేయడానికి కుదరదు. అందుకే వాళ్ల యూనిట్ అంత పొడుగ్గా ఉంటుంది: బీటీయూ·అంగుళం / గంట·చదరపు అడుగు·ఫారెన్‌హీట్. బీటీయూ అంటే వేడిని కొలిచే వాళ్ల యూనిట్.

ఇప్పుడు మారుద్దాం. గుణకం బట్టీ పట్టొద్దు, ముక్కలు చేద్దాం.

ఒక బీటీయూ అంటే 1055 జౌళ్లు. గంటకు 3600 సెకన్లు. 1055ని 3600తో భాగిస్తే 0.293 వాట్. ముందు మందం కూడా అడుగుల్లోనే ఉందనుకుందాం, అప్పుడు కింద ఒక్క అడుగే మిగులుతుంది. అడుగు అంటే 0.3048 మీటర్, అది కింద ఉంది కాబట్టి భాగించాలి: 0.9615.

ఇక డిగ్రీ. ఇక్కడ చేయి ఆటోమేటిగ్గా 32 తీసేయడానికి, 273 కలపడానికి పోతుంది. ఆపండి. మనకు కావాల్సింది ఉష్ణోగ్రత కాదు, రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా. తేడా విషయంలో సెల్సియస్, కెల్విన్ ఒకటే. ఫారెన్‌హీట్ డిగ్రీ వాటికంటే చిన్నది. ఆ చిన్న తేడాకే ఇంత వేడి దాటితే, ఒక కెల్విన్ తేడాకి 1.8 రెట్లు దాటుతుంది. కాబట్టి 1.8తో గుణిస్తే 1.73.

[దృశ్యం: 1.73 చుట్టూ ఎర్ర సున్నా]

ఇది మందం కూడా అడుగుల్లో ఉన్నప్పుడు. అంగుళాల్లో ఉంటే 12తో భాగించాలి: 0.144. మన చీటీ మీద 0.24 ఉంది. 0.24 × 0.144 = 0.0346. అదే మన 0.035!

పాత పుస్తకం సంగతి తేలిక. అది కిలోకేలరీ / గంట·మీటర్·సెల్సియస్. కిలోకేలరీ 4186.8 జౌళ్లు, 3600తో భాగిస్తే 1.163. 0.03ని దానితో గుణిస్తే మళ్లీ 0.035. కేలరీ / సెకను·సెంటీమీటర్·సెల్సియస్ కనిపిస్తే దాదాపు 419తో గుణించండి.

[దృశ్యం: కోల్డ్ స్టోరేజ్ గోడ అడ్డుకోత బొమ్మ]

ఇప్పుడు తప్పు ఎంత ఖరీదో చూద్దాం. గుంటూరులో మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజ్ లాంటిదే ఒకటి అనుకుందాం. బయట 40 డిగ్రీలు, లోపల 5. తేడా 35. గోడకు 10 సెంటీమీటర్ల థర్మోకోల్. చదరపు మీటర్‌కి లోపలికి వచ్చే వేడి: 0.0346 × 35 / 0.1, అంటే సుమారు 12 వాట్లు. అంగుళం అనే మాట చూడకుండా 1.73తో గుణిస్తే వాహకత 0.415 అయి కూర్చుంటుంది. వేడి 145 వాట్లు! ఆ లెక్క నమ్మితే 10 సెంటీమీటర్లు చాలే చోట 120 సెంటీమీటర్ల మందం కావాలంటారు. ఎవరైనా ఆగి, ఇదేంటని అడుగుతారు. తప్పు దొరికిపోతుంది.

నాకు భయం దీనికి తిరగబడిన తప్పు అంటేనే. అడుగుల్లో 0.02 అని ఇచ్చినదాన్ని అంగుళం అనుకుని 0.144తో గుణిస్తే 0.003 వస్తుంది. కాగితం మీద గోడ అద్భుతంగా కనిపిస్తుంది, పలచటి షీటుతో పని అయిపోతుందనిపిస్తుంది. ఏప్రిల్ ఎండలో కంప్రెసర్ ఆగకుండా తిరిగేదాకా తప్పు బయటపడదు.

కానీ లెక్క దగ్గరే పట్టుకోవచ్చు. థర్మోకోల్‌లో దాదాపు 98 శాతం గాలే. గాలి వాహకత 0.026. లోపల ఉన్న గాలికంటే తొమ్మిది రెట్లు బాగా షీటు వేడిని ఎలా ఆపుతుంది? అందుకే థర్మోకోల్‌కి 0.026 కంటే చిన్న అంకె వస్తే డేటా షీట్ మళ్లీ తెరిచి, యూనిట్‌లో అంగుళం ఉందో అడుగు ఉందో చూడండి.