శంఖమా, పలుకు

అందరికీ నమస్కారం. బల్ల మీద శంఖం చూసి వెనక వరసలో ఒకాయన "ఏంటి మాస్టారూ, పూజ కూడా ఉందా?" అని అడిగారు. పూజేమీ లేదండీ. దీని కథ మధ్యలో వస్తుంది. అందాకా దాన్నలా ఉండనివ్వండి.

మా తాతయ్య పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మంచం మీంచి చాప మీదికి దించారు, నోట్లో తులసి నీళ్ళు పోశారు. డాక్టరు గారు నాడి చూసి తల అడ్డంగా ఊపినా మా నాయనమ్మ నమ్మలేదు. తలగడ చిరుగులోంచి ఇంత దూది పీకి, పల్చగా విడదీసి, తాతయ్య ముక్కు దగ్గర పట్టుకుంది. దూది కదిలింది! అందరం ముందుకు వంగాం. ఆవిడ మాత్రం తలెత్తకుండా "ఆ ఫ్యాను ఆపండిరా" అంది. ఫ్యాను ఆగింది. మళ్ళీ దూది పట్టుకుంది. ఈసారి కదల్లేదు. అప్పుడు ఏడ్చింది.

తర్వాత ముప్పై ఏళ్ళు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పాను. ఆత్మ గురించి మాట్లాడాల్సి వస్తే ఏ శ్లోకమో గుర్తు రావాలి కదా, నాకు మాత్రం ఆ దూదీ ఆ ఫ్యానూ గుర్తొస్తాయి. ఆవిడకి కావలసింది సిద్ధాంతం కాదు. ఉన్నాడా, వెళ్ళిపోయాడా అన్నది. వెళ్ళిపోతే వెళ్ళింది ఏమిటన్నది.

ఈ అనుమానాన్నే చాలా మొరటుగా పట్టుకున్నవాడొకడు పాలీ బౌద్ధ గ్రంథాల్లో ఉన్నాడు. పేరు పాయాసి. కోసల రాజు ప్రసేనజిత్తు ఇచ్చిన సేతవ్య అనే ఊరిని ఏలుకుంటూ ఉంటాడు. దీఘనికాయం అనే పొడవైన సుత్తాల (ఉపదేశాల) సంపుటిలో 23వ సుత్తం పూర్తిగా ఇతగాడిదే. పరలోకం లేదు, పాపపుణ్యాలకు ఫలం లేదు అంటాడు. అనేసి ఊరుకుంటే చర్చ అంతటితో అయిపోయేది. ఇతను పరీక్షలు పెట్టాడు.

దొరికిన దొంగను బతికుండగానే పెద్ద జాడీలో పెట్టించాడు. మూతికి తడి తోలు బిగించి, పైన మట్టి మెత్తించి, పొయ్యి మీదికెక్కించాడు. చచ్చాడని తేలాక మెల్లగా మూత తీసి, జీవుడు ఎటు నుంచి బయటికొస్తాడా అని కాపు కాశాడు. ఏమీ రాలేదు. ఇంకో దొంగను బతికుండగా తూచి, చర్మం చెడకుండా వింటినారితో గొంతు బిగించి చంపించి, మళ్ళీ తూచాడు. బరువు తగ్గాలి కదా? తగ్గకపోగా పెరిగిందంటాడు. బతికున్నప్పుడు తేలిగ్గా, మెత్తగా ఉన్న ఒళ్ళు చచ్చాక బరువెక్కి బిగుసుకుపోయిందట. ఇంకొకణ్ణి చర్మం, కండ, ఎముక, మూలుగ వరుసగా కోయించి వెతికాడు. జీవుడు లేడు.

క్రూరత్వం సంగతి అలా ఉంచండి, అది నాకూ మింగుడు పడదు. కానీ ఇలాంటి పని అతనొక్కడే చేశాడనుకోకండి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం హేవర్‌హిల్‌కి చెందిన డంకన్ మెక్‌డూగల్ అనే డాక్టరు, చావుకి దగ్గరపడ్డ ఆరుగురు రోగులను మంచంతో సహా తక్కెడ మీద పెట్టి తూచాడు. 1907లో ఫలితాలు అచ్చయ్యాయి. మొదటి రోగి దగ్గర ముప్పావు ఔన్సు, అంటే దాదాపు 21 గ్రాములు తగ్గింది. మిగిలిన కొలతలు ఒకదానితో ఒకటి పొసగలేదు. రెండింటిని ఆయనే పక్కన పెట్టేశాడు. ఆ మొదటి అంకె మాత్రం "ఆత్మ బరువు 21 గ్రాములు" అంటూ ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. పదిహేను కుక్కల్ని కూడా తూచాడు, వాటి దగ్గర ఏమీ తగ్గలేదు. అంటే కుక్కకు ఆత్మ లేదని తేలింది! కుక్కను పెంచినవాళ్ళు ఎవరైనా ఒప్పుకుంటారేమో అడగండి.

పాయాసి తక్కెడలో బరువు పెరిగింది, మెక్‌డూగల్ తక్కెడలో తగ్గింది. ఇద్దరిలో ఎవరూ ఫ్యాను ఆపినట్టు లేదు.

సరే, శంఖం దగ్గరికొద్దాం. పాయాసితో వాదానికి కూర్చున్నవాడు కుమార కస్సపుడనే భిక్షువు. కొన ఊపిరితో ఉన్నవాణ్ణి బోర్లించి చూశాను, పక్కకు తిప్పి చూశాను, తలకిందులు చేశాను, కర్రతో కొట్టించాను, జీవుడు మాత్రం బయటికి రాలేదంటాడు పాయాసి. దానికి కస్సపుడు ఒక కథ చెప్తాడు. శంఖం ఊదేవాడొకడు ఒక మారుమూల ఊరికి పోయి, నడివీధిలో మూడుసార్లు ఊది, శంఖాన్ని నేల మీద పెట్టి కూర్చున్నాడు. జనం మూగారు. ఇంత ఇంపైన చప్పుడు ఎవరిదన్నారు. ఇదిగో, ఈ శంఖానిది అన్నాడు. వెంటనే వాళ్ళు శంఖాన్ని వెల్లకిలా పడుకోబెట్టి "శంఖమా, పలుకు" అన్నారు. పలకలేదు. పక్కకు తిప్పారు, నిలబెట్టారు, చేత్తో తట్టారు, కర్రతో కొట్టారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఊదేవాడు వీళ్ళ తెలివికి నవ్వుకుని, శంఖం తీసుకుని మూడుసార్లు ఊది, తన దారిన తను పోయాడు.

ఇది వినగానే మనవాళ్ళంతా "చూశారా, ఊదేవాడే ఆత్మ" అంటారు. క్లాసులో ఏటా ఎవరో ఒకరు అనేవాళ్ళు. కస్సపుడు ఆ మాట అనలేదు. శంఖం పలకాలంటే మనిషి, ప్రయత్నం, గాలి కూడి ఉండాలన్నాడు. అలాగే ఒంటికి ఆయువు, వేడి, విజ్ఞానం (అంటే ఎరుక) తోడుంటేనే అది నడుస్తుంది, చూస్తుంది, వింటుంది అన్నాడు. ఆ లెక్కలో ఆత్మకి పీట వెయ్యలేదు. వెయ్యడు కూడా. నిత్యమైన ఆత్మ ఉందని బౌద్ధం ఒప్పుకోదు. ఆత్మను ఒప్పుకోని భిక్షువు, జీవుడు లేడనే దొరతో వాదించి నెగ్గడమే ఈ సుత్తంలో నాకు భలే నచ్చే సంగతి. తగాదా ఆత్మ గురించి కాదు, చేసినదాని ఫలం చావుతో తెగిపోతుందా లేదా అన్నదాని గురించి.

నెగ్గాడన్నాను గానీ, ఎలా నెగ్గాడు? ఉపమానాలతో. చచ్చిన ఒళ్ళు బరువెక్కిందంటే, కాలిన ఇనుప గుండు మెత్తగా తేలిగ్గా ఉంటుంది, చల్లారితే బరువెక్కుతుంది కదా అంటాడు. అది అసలు నిజమే కాదు, కాలిన ఇనుము తేలిక కాదు. చివర్లో పాయాసి ఒప్పుకుంటూ, మీ మొదటి ఉపమానమే నాకు నచ్చింది, ఇంకా ఏమేం చెప్తారో విందామని ఎదురు మాట్లాడుతూ వచ్చాను అంటాడు. దొరగారి బడాయి!

అవతలి పక్షం తక్కువేమీ తినలేదు. ఆత్మా పరలోకమూ లేవనే చార్వాకుల వాదం మనందరి నోట్లోనూ పండేదే: ఆకులో ఎరుపు లేదు, వక్కలో లేదు, సున్నంలో అసలే లేదు, మూడూ కలిపి నమిలితే ఎరుపు పుట్టింది. నేల, నీరు, నిప్పు, గాలి కలిస్తే తెలివి అలాగే పుట్టిందంటారు. ఇంత అందమైన ఉపమానం ఇంకోటి నాకు తెలీదు. కానీ ఎరుపును పక్కవాడు చూస్తాడు, అద్దంలో నేనూ చూసుకుంటాను. నా పంటి నొప్పి అలా ఎవరికి కనిపిస్తుంది? ఎరుపు ఎలా వచ్చిందో చెప్పడం వేరు, ఎరుపును చూస్తున్నది ఎలా వచ్చిందో చెప్పడం వేరు.

ఉపమానానికి లొంగని మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి 1643 మే నెలలో హాలండ్‌లోని హేగ్ నగరం నుంచి ఒక ఉత్తరం రాసింది. బొహీమియా రాకుమారి ఎలిజబెత్. వయసు 24. తండ్రి 1620లో వైట్ మౌంటెన్ యుద్ధంలో ఓడి సింహాసనం పోగొట్టుకున్నాడు. పేరుకు రాకుమారి, ఉన్నది పరాయి పంచన. ఉత్తరం రాసింది ఫ్రెంచి తత్వవేత్త రెనే డెకార్ట్‌కి. మనసు వేరు, ఒళ్ళు వేరు, మనసుకి చోటు అక్కర్లేదు, ఆలోచించడమే దాని పని అని ఆయన 1641లో పుస్తకం వేశాడు. ఈవిడ అడిగింది ఒకటే. ఒక వస్తువు కదలాలంటే ఏదో తోయాలి. తోయాలంటే తాకాలి. తాకాలంటే తాకేదానికి చోటూ ఆకారమూ ఉండాలి. మీ ఆత్మకు అవేవీ లేవు కదా, మరి చెయ్యెలా ఎత్తుతుంది?

డెకార్ట్ కూడా ఉపమానమే ఇచ్చాడు. రాయిలో ఉండే బరువు దాన్ని కిందికి లాగడం లేదా, ఏదీ తాకకుండానే అన్నాడు. ఈవిడ ఊరుకోలేదు. బరువు గురించిన ఆ పాత ఊహ తప్పని చెప్పింది మీరే, ఆ తప్పునే ఇక్కడ ఆధారంగా తీసుకోమంటారా అంది. ఆకారం లేనిది ఒంటిని కదుపుతుందని నమ్మడం కంటే, ఆత్మకే ఆకారం ఉందని ఒప్పుకోవడం నాకు సులువు అని కూడా రాసింది. మెదడు గురించి ఈ రోజు మనకు తెలిసినదంతా ముందు పెట్టుకున్నా ఆ ప్రశ్న పదును తగ్గలేదని నా అభిప్రాయం. స్కాన్‌లో ఏ చోట రంగు వెలిగిందో చెప్పగలం. ఆ వెలుగు నొప్పి ఎలా అయిందన్నది చెప్పలేకపోతున్నాం.

డెకార్ట్ చివరికి ఏమన్నాడో తెలుసా? ఆత్మా ఒళ్ళూ ఒకటిగా ఉండటం అన్నది ఆలోచిస్తే తెలిసేది కాదు, రోజూ బతకడంలో, నలుగురితో మాట్లాడటంలో తెలుస్తుంది. ఇలాంటి కేవల చింతనకు నేను ఏడాదికి కొద్ది గంటలు మించి ఇవ్వను అన్నాడు. మేమేమో ఆయన మీద ఏడాది పొడుగునా పాఠాలు చెప్పాం.

మన భాష ఆ కలిసి బతకడాన్ని ఎప్పుడో పట్టేసింది. అమ్మ పిల్లాణ్ణి "ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యరా" అంటుంది. ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సింది ఎవరు? ఒళ్ళు కానివాడే కదా! తెలంగాణలో "పానం బాగలేదు" అంటే జ్వరమూ కావచ్చు, దిగులూ కావచ్చు. ఏదన్నది అడిగితే గానీ తెలీదు.

1645లో ఎలిజబెత్‌కి మందకొడి జ్వరం, పొడి దగ్గు పట్టుకున్నాయి. ఇలాంటి జ్వరానికి మామూలుగా కారణం దిగులే అని రాశాడు డెకార్ట్. మనసూ ఒళ్ళూ వేరువేరన్న మనిషే! మనసును ఆహ్లాదంగా ఉంచుకోమని సలహా ఇచ్చాడు. ఆవిడ జవాబులో, నా ఒళ్ళు మనసు బాధను ఇట్టే పట్టేస్తుందని ఒప్పుకుంది. ఆ ఏడాదే ఇంకో ఉత్తరంలో, ఆలోచించే శక్తినే లాగేసుకునే జబ్బులు కూడా ఉంటాయి కదా, అప్పుడు మీ సలహా ఎవరు పాటించాలి అన్నట్టు నిలదీసింది. తర్వాతి ఏళ్ళలో డెకార్ట్ భావోద్వేగాల మీద పుస్తకం రాశాడు, 1649లో అచ్చయింది. దానికి పురిగొల్పింది ఈవిడ ప్రశ్నలే. ఆ మరుసటేడు ఆయన స్టాక్‌హోమ్‌లో పోయాడు. ఆవిడ ఇంకో 30 ఏళ్ళు బతికింది.

టీ వచ్చినట్టుంది. తాగుతూ ప్రశ్నలు అడగండి. శంఖం ఊదడం నాకు రాదు, పొద్దున మూడుసార్లు ప్రయత్నిస్తే బుగ్గలు నొప్పి పుట్టాయి గానీ అది కిక్కురుమనలేదు. ఊదడం వచ్చినవాళ్ళెవరైనా ఉంటే ముందుకు రండి. కింద పడెయ్యకండి, అది మా నాయనమ్మది.