రెండో పక్క

ప్రిన్సిపాల్ గారికి, సినిమా వేసిన పిల్లలకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. అది చదివితే నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో ఐదు అక్కడే పోతాయి కాబట్టి పెద్దలు ఏమీ అనుకోవద్దు. సినిమాల్లో యుద్ధం గురించి మాట్లాడమన్నారు, నాలుగు కాగితాలు రాసుకొచ్చాను కూడా. ఇందాక వెనక కూర్చుని మీతో పాటు 'ఎయిర్‌లిఫ్ట్' చూశాక వాటిని మడిచి జేబులో పెట్టేశాను.

1990లో ఇరాక్ కువైట్‌ను, అదే మన కోయిట్‌ను, ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకున్న మనవాళ్ళను ఇంటికి చేర్చిన కథ అది. సినిమా బాగుంది, నా గొడవ అది కాదు. అందులో హీరో కోట్లున్న వ్యాపారి. అప్పుడు అక్కడున్న మనవాళ్ళు, టొయోటా సన్నీ అని పిలిచే మత్తున్ని మాథ్యూస్, హర్భజన్ సింగ్ వేదీ లాంటివాళ్ళను కలిపి అల్లిన పాత్ర. నిజంగా జరిగింది ఇంకా పెద్దది. మన విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ పోయి ఇరాక్ అధ్యక్షుడు సద్దామ్‌ను కలిశాడు. 1990 ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా ఎయిరిండియా వాళ్ళు జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి 488 ట్రిప్పులు తిప్పి లక్షా పదివేల మందికి పైగా తెచ్చారు. మా పని చూపించలేదని మన విదేశాంగ శాఖ కూడా సినిమా మీద అభ్యంతరం చెప్పింది. సరే, వాళ్ళ తరఫున చెప్పడానికి ఒక శాఖ ఉంది. మా అమ్మకు ఏ శాఖ ఉంది?

కోయిట్‌లో అమ్మో, పిన్నమ్మో, మేనత్తో ఉన్నవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. చూశారా! దించండి, దించండి.

మా అమ్మ 1988లో రాయచోటి పక్కన మా ఊరి నుంచి పోయింది. ఇరవై నెంబరు వీసా, అంటే అరబ్బీ ఇంట్లో ఖద్దామా, పనిమనిషి. అప్పుడు చెల్లెలికి ఏడాది. ఊళ్ళో ఫోను లేదు, అమ్మకు చదువు రాదు. అందుకని క్యాసెట్లో మాట్లాడి సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేది. ప్రతి క్యాసెట్టూ "పిల్లోళ్ళు అన్నం తిన్యారా" అనే మొదలయ్యేది. 1990 జూలైలో ఒకటొచ్చింది. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కోయిట్‌లోకి దిగింది. ఇక అక్కడి నుంచి మాకు కబురు లేదు. రాత్రి రేడియో వార్తలు అయిపోగానే నాయన ఆ క్యాసెట్టు పెట్టేవాడు. వీసాకు అప్పిచ్చినాయన కూడా వచ్చి అరుగు మీద కూర్చుని వినేవాడు. బాధతో వచ్చేవాడో, వడ్డీ ఏమవుతుందోనని వచ్చేవాడో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. రెండో పక్క చివర్లో ఆ అరబ్బీ ఇంటి చంటిది ఏడుస్తుంది. అమ్మ మాకు చెప్తున్న మాట ఆపేసి, "వస్తాండా తల్లీ, వస్తాండా" అని మన తెలుగులోనే అంటుంది. అక్కడికి రాగానే మా జేజి చెల్లెల్ని ఎత్తుకుని దొడ్లోకి పోయేది.

ఆ ఇంటివాళ్ళు ఒకరాత్రి కారెక్కి సౌదీకి పోయారు. అమ్మ పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉండిపోయింది, బీరువా తాళం వాళ్ళతో పోయింది. పదకొండు రోజులు లైటు వేయకుండా ఒక్కతే ఉంది. పక్కింటి మలయాళీ డ్రైవరు తీసుకుపోయి మనవాళ్ళున్న బడిలో వదిలితే తప్ప, జాబితా ఒకటి రాస్తున్నారనే సంగతే ఆమెకు తెలియదు. గేటు దాటనివ్వని ఇళ్ళల్లో ఉన్నవాళ్ళ పేర్లు ఆ జాబితాలోకి ఎట్లా ఎక్కుతాయి, మీరే చెప్పండి. పాస్‌పోర్టు లేనందుకు ఒక తెల్లకాగితం ఇచ్చారట, ఎమర్జెన్సీ సర్టిఫికెట్. దాన్ని జాకెట్లో పెట్టుకుని బస్రా, బాగ్దాద్, జోర్డాన్ సరిహద్దులో ఎడారి గుడారాలు, అమ్మాన్, బొంబాయి. చివరికి మద్రాసు రైలెక్కి కడప స్టేషన్లో దిగింది. చెల్లెలు గుర్తుపట్టలేదు, జేజి కొంగు వదల్లేదు.

తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం పెట్టింది. వదిలి వచ్చినందుకు మనిషికి 2,500 డాలర్లు, ఇంకే క్లెయిమూ వేయబోమని రాసిస్తే 4,000. ఫారం నింపుతానని ఒకడు మా ఇంటికొచ్చి, ఐదువందలూ ఆ తెల్లకాగితమూ పట్టుకుపోయాడు. జిరాక్సు తీయించాలని మాకు తోచలేదు. ఆ తెల్లకాగితం ఒక్కటే రుజువు. ఆ తెల్లకాగితం గురించి అమ్మ చనిపోయేదాకా అడుగుతూనే ఉంది.

విమానం ఎక్కగానే సినిమా అయిపోతుంది, మనం చప్పట్లు కొడతాం. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు. అప్పు మాత్రం అట్లే ఉంది కాబట్టి 1992లో అమ్మ మళ్ళీ కోయిట్ పోయింది. ఈసారి చెల్లెలు బస్సు వెనక పరిగెత్తింది.

టైమయిందని చీటీ వచ్చింది, చూశాను సార్, రెండే నిమిషాలు. చేతులెత్తారు కదా, ఇంటికి పోయి అటక మీద వెతకండి, క్యాసెట్లు దొరికితే రిబ్బను బూజు పట్టకముందే ఫోన్లోకి ఎక్కించుకోండి. మాది తెచ్చాను. టేప్‌రికార్డరు మా మేనమామది, ఒక్కోసారి నములుతుంది. బాబూ, ఆ ఫ్యాన్లు ఆపు. మైకు ఇంకొంచెం కిందికి దించు.

రెండో పక్క పెడుతున్నాను.