ఒక్క ట్రాక్టరు మట్టి, రెండు పనులు

శ్రోతలకు నమస్కారం.

మోటారైనా, మడైనా, చెరువైనా మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో అన్నిటికీ ఒకటే మాట: బాగుచేయించినం. ఇంగ్లీషు వాళ్లు మాత్రం రిక్లమేషన్, రిస్టోరేషన్ అని రెండుగా విడదీశారు. ఆ తేడా తెలుసుకోదగ్గదే.

చవుడు మడి సంగతి చూడండి. ఎండితే పైన తెల్లగా పొక్కు కడుతుంది, కింద గడ్డ రాయిలా ఉంటుంది. తడిస్తే జిగట. నీళ్లు పెడితే ఇంకవు. మట్టి పరీక్షలో చెప్పినంత జిప్సం వేసి, నీళ్లు నిలగడతారు. జిప్సంలోని కాల్షియం, మట్టిని పట్టుకున్న సోడియాన్ని విడిపిస్తుంది. ఆ నీళ్లను మురుగు కాలువలోకి వదిలేయాలి. తర్వాత జీలుగ చల్లి, పూతకొచ్చినప్పుడు కలియదున్నుతారు. మురుగు పోయే దారి లేకుంటే ఎన్ని బస్తాలు పోసినా దండగే! పనికిరాని నేలను ఇలా సాగులోకి తేవడం రిక్లమేషన్. అంతకుముందు అక్కడ ఏముండేదని ఎవరూ అడగరు.

రిస్టోరేషన్‌లో, అంటే పునరుద్ధరణలో, ముందుగా అడిగేది అదే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలింది. మరుసటేడు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్కచుక్కగా మందెక్కించారు. చూస్తే ఆస్పత్రి వార్డే! కొత్త మర్రి నాటితే నీడ వస్తుందేమో, పిల్లలమర్రి రాదు కదా.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు, కట్టలు, తూములు, మత్తళ్లు సరిచేశారు. అది పునరుద్ధరణ. ఆ పూడికనే రైతులు తోలుకుపోయి ఎర్రచెలకల్లో పోసుకున్నారు. చెరువులోంచి లేచినప్పుడు ఆ మట్టి పేరు రిస్టోరేషన్, బక్కచిక్కిన చెలకలో పడ్డాక రిక్లమేషన్.

చిక్కేమిటంటే, నీళ్లను పూడ్చి నేల చేయడమూ రిక్లమేషనే. ముంబై మెరైన్ డ్రైవ్ అలా సముద్రాన్ని పూడ్చిన చోటే ఉంది. మన చెరువుల్లో నీళ్లు నిలిచే శిఖం భూముల్లో మొరం పోసి ప్లాట్లు చేసేవాళ్లకు ఈ మాట ఇంకా తెలిసినట్టు లేదు, నయం.

ఇక నల్లగొండ పక్కనున్న పానగల్ ఉదయసముద్రం. కందూరు చోడ రాజుల నాటి చెరువు. ఇప్పుడు దాన్ని నింపుతున్నది ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు. నీళ్లు నిండుగా ఉంటే నాకూ సంతోషమే. కానీ ఆనాటి చెరువే తిరిగొచ్చిందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.