రిఫరెన్స్ ప్రశ్నకు సోషల్ మీడియాలో అసలు పోస్టు పట్టుకోవడం

నమస్తే. లైబ్రరీలో రిఫరెన్స్ డెస్క్, అంటే పాఠకుల ప్రశ్నలకు జవాబులు వెతికిచ్చే చోటు, చూసేవాళ్ల కోసం ఈ వీడియో. "ఆ రోజు వాళ్లు నిజంగా ఏమన్నారు?" అని పాఠకులు అడుగుతుంటారు. ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ చూపించి సరిపెట్టలేం. అసలు పోస్టు కావాలి.

ఎక్స్ తెరిచాను, అదే, పాత ట్విట్టర్. లాగిన్ అయ్యే ఉన్నాను. సెర్చ్ బాక్స్ ఇదిగో. ప్రశ్న ఏంటంటే, జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోప్ తొలి రంగుల చిత్రాలు 2022 జులై 12న విడుదలయ్యాయి కదా, ఆ రోజు దాని అధికారిక ఖాతాలో ఏం రాశారు? ఫ్రమ్, కోలన్, ఖాతా పేరు. మధ్యలో స్పేస్ వద్దు. తర్వాత స్పేస్, సిన్స్, కోలన్, ఎప్పటి నుంచి కావాలో ఆ తేదీ. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఇలా.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎప్పటి వరకు కావాలో చెప్పడానికి మళ్లీ స్పేస్, అన్‌టిల్, కోలన్. దాని దగ్గర ఏ తేదీ ఇవ్వాలి? 12 కావాలి కాబట్టి 12 అనే అనిపిస్తుంది. కొట్టి చూద్దాం... చూశారా, ఏమీ రాలేదు. పోస్టులు తీసేశారేమో అని పాఠకుడికి చెప్పేయకండి! అన్‌టిల్‌కి ఇచ్చిన రోజు లెక్కలోకి రాదు, దాని ముందు రోజుతోనే ఆగిపోతుంది. అందుకే 13 ఇవ్వాలి. మళ్లీ చెప్తున్నా, కావాల్సింది 12 అయితే అన్‌టిల్‌కి 13. ఇప్పుడు ఎంటర్... వచ్చేశాయి. పైన లేటెస్ట్ ట్యాబ్ నొక్కండి, వరుసగా కనిపిస్తాయి.

అన్నట్టు, మాస్టొడాన్ అనే మరో సోషల్ మీడియాలో ప్రొఫైల్ లింక్ చివర డాట్ ఆర్ఎస్ఎస్ అని చేర్చి ఫీడ్ రీడర్‌లో, అంటే కొత్త పోస్టులను ఒకేచోట చూపించే యాప్‌లో, ఇస్తే చాలు, కొత్త పోస్టులు అక్కడికే వస్తాయి. నాకు ఈ పద్ధతే ఇష్టం, రోజూ వెళ్లి వెతుక్కునే పని ఉండదు.

ఫొటో ఎవరిదో తెలియకపోతే? జనాన్నే అడగొచ్చు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008లో పాత ఫొటోలను ఫ్లికర్ అనే ఫొటోల సైట్‌లో పెట్టింది. చూసినవాళ్లు మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు కింద రాశారు. సిబ్బంది వాటిని సరిచూసుకున్నాకే క్యాటలాగ్‌లో చేర్చారు. ఆ సరిచూడటం మాత్రం వదలకండి, ప్లీజ్. కామెంట్ ఒక ఆచూకీ, అంతే. పాత పత్రికలోనో, రికార్డులోనో అది దొరకాలి.

ఇక దాచుకోవడం. పోస్టు లింక్ కాపీ, వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో సేవ్ పేజ్ నౌ, పేస్ట్, సేవ్. అయిపోయింది. కానీ దాచిన కాపీని ఒకసారి తెరిచి చూడండి, కొన్నిసార్లు పేజీ ఖాళీగా పడుతుంది. అలా పడితే స్క్రీన్‌షాట్ కూడా తీసి ఉంచండి. పాఠకుడికి ఇచ్చే జవాబులో అసలు లింక్, దాచిన లింక్, మీరు చూసిన తేదీ, మూడూ రాయండి.