రిపోర్టు డిజైను టెక్స్టు ఫైలుగా: తీయడం, తిరిగి ఎక్కించడం

అందరికీ నమస్కారం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి వచ్చిన మీరంతా బిల్లులూ స్టాకు లెక్కలూ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో నడిపేవారే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. టేబుళ్లకు బ్యాకప్ తీస్తాం. కానీ బిల్లు రిపోర్టు ఒక్కటి పాడైతే గళ్లూ గీతలూ మొదటి నుంచి వేసుకోవాల్సిందే. ఆ పని తప్పించే ఆదేశాలు రెండు యాక్సెస్‌లోనే ఉన్నాయి, మెనూలో మాత్రం కనబడవు.

కంట్రోల్, జీ కలిపి నొక్కండి, ఆదేశాలు కొట్టే ఇమీడియట్ విండో వస్తుంది. అందులో అప్లికేషన్, చుక్క, సేవ్‌యాజ్‌టెక్స్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మూడు ముక్కలు ఇవ్వాలి: ఏసీరిపోర్ట్, డబుల్ కోట్ గుర్తుల మధ్య రిపోర్టు పేరు, అలాగే గుర్తుల మధ్య ఫైలు దారి. మధ్యలో కామాలు. ఏసీరిపోర్ట్ బదులు 3 అంకె కొట్టినా ఒకటే. ఫోల్డరు ముందే తయారుగా ఉంచుకోండి. తిరిగి ఎక్కించడానికి లోడ్‌ఫ్రమ్‌టెక్స్ట్, అవే మూడు ముక్కలు.

ఇక్కడే జాగ్రత్త. అదే పేరుతో రిపోర్టు ఉంటే లోడ్‌ఫ్రమ్‌టెక్స్ట్ అడక్కుండా దాన్ని చెరిపేసి కొత్తది పెడుతుంది. అందుకే ముందు వేరే పేరుతో ఎక్కించి, ప్రింట్ ప్రివ్యూ చూసుకుని, ఆ తర్వాతే అసలు పేరు పెట్టండి. ఏసీసీడీఈ (డిజైను మార్చకుండా తాళం వేసిన డేటాబేసు) ఫైలులో రిపోర్టు డిజైను తెరవనివ్వదు కాబట్టి దాని నుంచి రిపోర్టు తీయలేం. డిజైను మార్చగల అసలు ఏసీసీడీబీ ఫైలు భద్రంగా ఉండాలి.

ఇక ఫైలు లోపల. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మూడు రకాల సరుకు కనిపిస్తుంది. బిగిన్, ఎండ్‌ల మధ్య డిజైను. సున్నా-ఎక్స్‌తో మొదలయ్యే అంకెల దిమ్మల్లో ప్రింటరు వివరాలు. చివర కోడ్‌బిహైండ్‌ఫామ్ అనే లైను కింద వీబీఏ (యాక్సెస్‌లో వాడే ప్రోగ్రామింగు భాష) కోడు. కొలతలన్నీ ట్విప్పుల్లో ఉంటాయి, అంగుళానికి 1440. లెఫ్ట్ దగ్గర 1440 ఉంటే ఆ గడి ఎడమ నుంచి ఒక అంగుళం లోపల ఉన్నట్టు.

ఎక్కువ తలనొప్పి ప్రింటరు దిమ్మలతోనే. ప్రిట్‌డెవ్‌మోడ్ అనే దిమ్మలో పాత కంప్యూటరు ప్రింటరు సెట్టింగులు దాగి ఉంటాయి. ఆ ప్రింటరు కొత్తచోట లేకపోతే కాగితం సైజు తారుమారవుతుంది. ఆ దిమ్మను, దానితోపాటు పైనున్న చెక్‌సమ్ లైనును తీసేయవచ్చు. కానీ అడ్డం నిలువు సంగతి కూడా ఆ దిమ్మలోనే ఉంది, తీశాక అడ్డంగా ఉండే రిజిస్టరు నిలువుకు మారితే కంగారుపడకండి, పేజ్ సెటప్‌లో మళ్లీ పెట్టుకోండి. పక్కనే ఉన్న ప్రిట్‌మిప్ జోలికి మాత్రం వెళ్లొద్దు, మార్జిన్లు అందులోనే ఉంటాయి.

మన వైపు బిల్లుకు ఇంకో చిక్కుంది: దుకాణం పేరు ఒడియాలో, సరుకు పేర్లు తెలుగులో. రిపోర్టు ఫైలు మామూలుగా అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-16 ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) వస్తుంది, లేబుళ్లలోని రెండు లిపులూ చెక్కుచెదరవు. మార్పులు చేశాక మన లిపులు పట్టని ఏఎన్‌ఎస్‌ఐగా సేవ్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. ఏ ఎన్‌కోడింగ్‌లో వచ్చిందో అందులోనే సేవ్ చేయండి. వీబీఏ ఎడిటరులో నేరుగా కొట్టిన తెలుగు మాత్రం అక్కడే ప్రశ్నార్థకాలవుతుంది, ఆ నింద ఎగుమతి మీద వేయకూడదు. అలాంటి మాటలు టేబుల్లో పెట్టి అక్కడి నుంచి తెచ్చుకోవడమే మేలు.

ఫాంటు గౌతమి తెలుగుకు, కళింగ ఒడియాకు. విండోస్ 10లో ఈ రెండూ అదనంగా వేసుకోవాల్సినవి. నిర్మలా యూఐలో రెండు లిపులూ ఉన్నాయి. టెక్స్టు ఫైలులో ఫాంట్‌నేమ్ లైన్లను ఫైండ్-రీప్లేస్‌తో ఒక్క దెబ్బకు మార్చేయవచ్చు, నలభై గళ్లున్న బిల్లుకైనా నిమిషం పట్టదు. నా లెక్కలో ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఇదొక్కటే చాలు.

ఎక్కించేటప్పుడు 2128 ఎర్రరు వస్తే డేటాబేసు ఉన్న ఫోల్డరులో ఎర్రర్స్ డాట్ టీఎక్స్‌టీ చూడండి, ఏ లైను నచ్చలేదో అందులో రాసి ఉంటుంది. యాక్సెస్ 2010లో తీసిన ఫైలును యాక్సెస్ 2007లో ఎక్కిస్తే పాత వెర్షనుకు తెలియని లైన్లు అడ్డుపడతాయి. నోసేవ్‌సీటీఐవెన్‌డిజేబుల్డ్ అన్న లైను అలాంటిదే, తీసేస్తే సరి.

రిపోర్టు ఎక్కింది, తెరవగానే ఎంటర్ పారామీటర్ వాల్యూ అని అడుగుతోందా? అది పిలుస్తున్న క్వెరీలోనో టేబుల్లోనో ఆ ఫీల్డు లేదన్నమాట. టెక్స్టు ఫైలులో క్వెరీ పేరు వస్తుంది తప్ప క్వెరీ రాదు, డేటా అసలే రాదు. క్వెరీలను, ఏసీరిపోర్ట్ బదులు ఏసీక్వెరీ కొట్టి, విడిగా తీసి ముందు ఎక్కించండి, తర్వాత సబ్‌రిపోర్టులు (రిపోర్టు లోపల ఉండే చిన్న రిపోర్టులు), ఆఖరున అసలు రిపోర్టు. అన్నీ అయ్యాక వీబీఏలో డీబగ్ మెనూలో కంపైల్ నొక్కండి. అక్కడ ఆగిపోతే టూల్స్‌లో రెఫరెన్సెస్ (కోడు వాడుకునే బయటి లైబ్రరీల జాబితా) తెరిచి మిస్సింగ్ అని ఉన్నది చూడండి, ఆ జాబితా కూడా ఈ ఫైలులో రాదు.