సాల్మన్ లూర్‌కి హుక్ మార్చడం: సైజు, బరువు, ఈత

[దగ్గరి షాట్: బల్ల మీద ఒక స్పూన్ (చెంచా లాంటి రేకు లూర్), ఒక ప్లగ్ (చేప ఆకారపు లూర్), ప్లయర్స్]

సియాటిల్ వైపు ఉంటూ కొత్తగా గాలం పట్టాలనుకునే మనవాళ్లకి బేసి సంవత్సరమే మంచిది. 2023, 2025 లాంటి ఏళ్లలో ఆగస్టు వచ్చిందంటే ఇక్కడి సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లోకి పింక్ సాల్మన్ గుంపులు గుంపులుగా వస్తాయి. కానీ షాపులో కొన్న లూర్‌ని, అంటే నకిలీ ఎరని, అలాగే నీళ్లలో వేయకండి.

చాలా లూర్లకి మూడు మొనల ట్రెబుల్ హుక్ ఉంటుంది. ఇక్కడి ఉప్పునీటిలో సాల్మన్‌కి ఒకే మొన ఉన్న, బార్బ్ (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు) లేని హుక్కే వాడాలి. ప్యూజెట్ సౌండ్‌లోని చినూక్ అనే ఇంకో రకం సాల్మన్ 1999 నుంచి ఫెడరల్ రక్షణలో ఉంది. మీరు పింక్ కోసం వేసిన లూర్‌కి చినూక్ కూడా పడొచ్చు. దాన్ని వదిలేయాల్సి వస్తే బార్బ్ లేని హుక్ ఇట్టే ఊడి వస్తుంది.

[షాట్: సివాష్ హుక్ చెవి]

ట్రెబుల్ తీసేశాక పెట్టాల్సింది సివాష్ హుక్. దీని చెవి, అంటే తగిలించే కన్నం, తెరిచి ఉంటుంది. లూర్ రింగ్‌కి తగిలించి ప్లయర్స్‌తో సందు లేకుండా నొక్కేయాలి. సైజు దగ్గరే అందరూ తికమక పడతారు. 4 కంటే 2 పెద్దది, కానీ 2/0 కంటే 4/0 పెద్దది. ఈ లెక్క ఎవరు పెట్టారో గానీ, షాపులో ఒకటికి రెండుసార్లు చూసి కొనండి.

[షాట్: చిన్న డిజిటల్ కాటా మీద రెండు హుక్కులు]

నా దృష్టిలో అసలు విషయం బరువు. ప్లగ్ కడుపు కింద వేలాడే ట్రెబుల్ చేపని పట్టడమే కాదు, లూర్‌ని నిటారుగా కూడా ఉంచుతుంది. దాని బదులు తేలికపాటి హుక్ పెడితే ప్లగ్ పక్కకి దొర్లిపోవచ్చు. మరీ బరువైతే ఊగడం మందగిస్తుంది. అందుకే తీసిన ట్రెబుల్‌ని తూచి, దానికి దగ్గరి బరువున్న సింగిల్ ఎంచుకోండి. సాధారణంగా అది ఒకటి రెండు సైజులు పెద్దదే అవుతుంది. మొనకీ లూర్ ఒంటికీ మధ్య ఖాళీ తగ్గకుండా చూడండి, లేకపోతే చేప కొరికినా గుచ్చుకోదు.

ప్లగ్‌కైతే రింగ్‌కీ హుక్‌కీ మధ్య చిన్న స్వివెల్ (తనంతట తాను తిరిగే కీలు) వేయండి. హుక్‌కి పడ్డ సాల్మన్ నీళ్లలో గిరగిరా తిరుగుతుంది. స్వివెల్ లేకపోతే ఆ మెలితోనే హుక్ వదులైపోతుంది.

[షాట్: ప్లయర్స్‌తో బార్బ్ నొక్కడం]

బార్బ్ ఉన్న హుక్కే దొరికిందా? కళ్లద్దాలు పెట్టుకుని, బార్బ్‌ని ప్లయర్స్‌తో చదునుగా నొక్కండి. తర్వాత పాత బనియన్ గుడ్డలో గుచ్చి లాగండి. దారం పట్టుకుంటే ఇంకా నొక్కాలి.

[షాట్: రేవు పక్కన నీళ్లలో ఈదుతున్న ప్లగ్]

విసిరే ముందు దగ్గరే నీళ్లలో లాగి చూడండి. ప్లగ్ కుడికి పోతుంటే ముక్కు దగ్గర దారం కట్టే తీగ కన్నాన్ని కొంచెం ఎడమకి వంచండి. ఎడమకి పోతుంటే కుడికి. ఒకేసారి ఎక్కువ వంచితే విరిగిపోతుంది.

చేప పడ్డాక దారం వదులు చేయకండి. ఆపడానికి బార్బ్ లేదు కదా! రాయికి తగిలిన ప్రతిసారీ మొనని గోరు మీద ఆనించి చూడండి. జారితే పదును పెట్టండి, లేదా మార్చేయండి. రూల్స్ సీజన్‌కీ, ఏరియాకీ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే రోజు వాషింగ్టన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పేజీ ఒకసారి చూసుకోండి.